ఎడమ వైపు నుంచి తెరిచిన పుస్తకం

ఈ మొక్కకి ఇంక నీళ్లు పోసి లాభం లేదు, రేపటి నుంచి పోసేవాడే ఉండడు, అయినా పోస్తున్నాను, పోస్తానని జపానాయనకి మాటిచ్చాను, ఇచ్చినవాడు చెయ్యాలి, చెయ్యలేనివాడు ఇవ్వకూడదు, జులైలో ఆయన సెలవు మీద వాళ్ల దేశం పోతూ ఫ్లాటు తాళం నా చేతిలో పెట్టి, కుండీలు చూపించి, నడుము దాకా వంగి దండం పెట్టాడు, జాబ్రియాలో ఈ బిల్డింగ్‌కి నేను హారిస్‌ని, అంటే కాపలావాణ్ణి, నాకు వంగి దండం పెట్టినవాడు కువైట్ మొత్తానికి ఆయనొక్కడే, ఆగస్టులో ఇరాకీ సైన్యం వచ్చింది, ఆయన తిరిగి రాలేదు, అదృష్టవంతుడు, ఇప్పుడు కింద వీధి మలుపులో ట్యాంకు నిలబడి ఉంది, దాని మీద బనీనుతో కూర్చున్న సిపాయి పుచ్చకాయ ముక్క తింటూ గింజలు రోడ్డు మీద ఉమ్ముతున్నాడు, ఇవాళ నేనూ పోతున్నాను, సంచీ సర్దేశాను, రాయచోటి ఖాసిం వలి మినీబస్సు తెస్తాడు, బస్రా, బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దు, అమ్మాన్‌కి మన విమానాలు వస్తున్నాయట, నా సీటు నాకుంది, దాని పక్క సీటు ఖాళీగా ఉంది, ఆ పక్క సీటే ఇప్పుడు తంటా.

పొద్దున్న నేను కుండీల దగ్గర ఉండగానే ఖాసిం మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని, సత్తెన్నా, నీ బామ్మర్ది షుఐబా లేబర్ క్యాంపులో పడుండాడు, నీకు తెలుసునా అన్నాడు, నేను చెంబు దించలేదు, సిపాయిలు క్యాంపు మీదికొచ్చినప్పుడు మిద్దె మీంచి దుంకినాడంట, కాలు ఇరిగింది, తోటోళ్లంతా మోసుకొచ్చి గదిలో పండబెట్టి ఎవరి దోవ వాళ్లు చూసుకున్యారు, మద్దిలేటి అని ఒగ ముసలాయప్ప మాత్రం గొంతులో నీళ్లు పోస్తాండాడు, కాలు వాసిపోయి జరం గూడా వచ్చిందంట, నాకెందుకు చెప్తున్నావు ఖాసిం భాయ్, నీకు గాక ఇంగెవరికి చెప్పల్లప్పా, ఉండేది రెండో అంతస్తు, వాణ్ణి వీపు మీదేసుకొని దింపల్ల, నాకేమో నడుము పట్టుకొనింది, బస్సులో అంతా ఆడోళ్లు, పిల్లోళ్లు, నువ్వొస్తానంటే షుఐబా పక్క తిప్పుతా, రానంటే నేరుగా పోతా, షుఐబా అటు దక్షిణం, మనం పోయేది ఇటు ఉత్తరం, ఊరికే తిప్పేదానికి పెట్రోలు నా మామ ఇస్తాడా, నేను రాను, ఒకసారి ఆలోచన చెయ్ సత్తెన్నా, చేశాను, రాను, వాడు నీ భార్య తోడబుట్టినోడు గదప్పా, అందుకే రాను అన్నాను, సరేలేప్పా, మిర్కాబ్ పోయి జనాన్ని ఎక్కించుకొని వస్తా, కింద హారన్ కొడతా, అప్పుడు చెప్పు అన్నాడు, అప్పుడైనా ఇదే చెప్తాను, నా నోట్లో మాట మారదు.

మారదు, ఎందుకు మారాలి, చినబాబు నాకు బావమరిది, నా భార్య బేబికి తమ్ముడు, పెళ్లినాడు నా కాళ్లు కడిగే పళ్లెం పట్టుకుని పళ్లికిలించినవాడు, వాడికి కువైట్ వీసా నేనే తీయించాను, మా బిల్డింగ్ యజమాని, నా కఫీల్, అంటే వీసాకి పూచీపడేవాడు, ఆ ముసలాయన చుట్టూ తిరిగి తిరిగి సంతకం పెట్టించాను, ఆ కాగితాలు నడుస్తున్న రోజుల్లోనే అక్కడ కోనసీమలో బేబికి దగ్గు పట్టుకుంది, మాకు ఉత్తరాలకన్నా క్యాసెట్లు అలవాటు, వాళ్లు అక్కడ మాట్లాడి రికార్డు చేసి ఎవరైనా వస్తుంటే పంపేవాళ్లు, నేనిక్కడ మెట్ల కింద నా గదిలో టేప్‌రికార్డర్ చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి, ఏవండీ, కొబ్బరికాయలు దింపించామండీ, గేదె ఈనిందండీ, మీరు వేళకి తింటున్నారా అండీ, తర్వాత దగ్గు, దగ్గు, ఆగని దగ్గు, వెంటనే వాడి గొంతు, ఏం లేదు బావా, జలుబే, పడిశం పట్టింది, మందులిప్పిస్తున్నాం, నువ్వు కంగారు పడకు, నా మెడికల్ అయిపోయింది, స్టాంపింగ్ ఒక్కటే మిగిలింది, జలుబే బావా, నేను నమ్మాను, అక్క పక్కన కూర్చున్న తమ్ముడి మాట నమ్మక ఎవరి మాట నమ్ముతారు, టెలిగ్రాం వచ్చేసరికి బేబి బూడిద గోదాట్లో కలిపేశారు, పెద్దకర్మ అయిన వారానికి వాడు కొత్త చొక్కా వేసుకుని కువైట్‌లో దిగాడు.

నాగేశ్వరి చెప్పకపోతే నాకు ఇప్పటికీ తెలిసేది కాదు, ఊళ్లో మా పక్కింటి పిల్ల, ఇక్కడ ఈ వీధిలోనే ఒక కువైటీ ఇంట్లో పనికొచ్చింది, ఒకనాడు వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నిద్రపోతుంటే చెత్త పారబోసే వంకతో వచ్చి గేటు దగ్గర నిలబడి, అన్నయ్యగారూ, మీరు కోప్పడనంటే ఒకటి చెప్తానండీ, వదినకి రక్తం పడేదండీ, కాకినాడ తీసుకెళ్లండని మా అమ్మా నేనూ మొత్తుకున్నామండీ, చినబాబే వద్దన్నాడు, కాకినాడ తీసుకెళ్తే బావకి తెలిసిపోద్ది, తెలిస్తే వచ్చేత్తాడు, బావ సెలవెట్టి వచ్చేత్తే ఆ అరబ్బాయన నా కాయితం చింపేత్తాడు, ఒక్క నెల ఓపిక పట్టమన్నాడండీ, ఒక్క నెల, నేను ఆ సాయంత్రమే షుఐబా వెళ్లాను, క్యాంపు గేటు ముందు అడిగాను, వాడు దాచలేదు, అదొక్కటే వాడు చేసిన మంచి పని, అవును బావా, నెలలో అక్కే లేచి తిరుగుద్దనుకున్నాను బావా అని నా కాళ్ల మీద పడబోయాడు, నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను, ఆ తర్వాత వాడితో మాట లేదు, ప్రతి శుక్రవారం బస్సెక్కి అంత దూరం నుంచి వచ్చి మా గేటు బయట కమలాపళ్ల సంచీతో నిలబడేవాడు, నేను మెట్లు కడిగేవాణ్ణి, వాడు సంచీ గేటుకి తగిలించి పోయేవాడు, పైఫ్లోరు ఈజిప్టు పిల్లలు తినేవారు.

కుండీలు అయిపోయాయి, హారన్ ఇంకా వినపడలేదు, జపానాయన బొమ్మల పుస్తకం ఒకటి సోఫా మీద పొద్దున్న ఖాసిం పెట్టినచోటే ఉంది, ఆయన అలమరాలో ఇలాంటివి వరసగా ఉన్నాయి, అట్ట మీద ఏం రాసుందో నాకు తెలీదు, నల్లటి జుట్టు, తెల్లటి కాగితం, అంతే, మంచుని వాళ్లు గీయరు, గీయకుండా వదిలేస్తారు, ఆ వదిలేసిన తెలుపు చూస్తే ఈ ఎండలో కూడా అరికాళ్లు చల్లబడతాయి, సైన్యం వచ్చాక బయటికి పోలేక రోజూ నీళ్లు పోయగానే ఇక్కడే కూర్చుని దీన్ని తిరగేసేవాణ్ణి, మాటలు రాకపోయినా కథ అర్థమైపోయిందనుకున్నాను, మొదట మంచులో ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడి ఉంటుంది, ఆమె పాదాల దగ్గర ఏదో కుప్ప, పేజీ తిప్పితే ఆ కుప్ప మగవాడు, ఆమె వాడి గడ్డం పట్టి లేపుతుంది, తర్వాత వాడు నాలుగు కాళ్ల జంతువులా పాకుతుంటాడు, ఆమె వాడి వీపు మీద ఉంటుంది, మెడ చుట్టూ చేతులు, ఆమె జుట్టు వాడి ముఖం మీద పడి, ఆ జుట్టు సందుల్లోంచి వాడి ఒంటికన్ను, తిప్పేకొద్దీ వాడు లేస్తాడు, నడుము నిటారవుతుంది, ఆమె తేలికవుతుంది, ఒక పేజీలో దిగిపోతుంది, తర్వాత తలుపు బయట ఉంటుంది, తలుపు కొడుతుంది, చివరి పేజీలో వాడు తలుపుకి వీపు పెట్టి నిప్పు ముందు కూర్చుని గిన్నెలో ఏదో తింటుంటాడు, అయిపోయింది, అంతే కథ, నాకు నచ్చింది, ఈ జపాను వాళ్లకి లోకం తెలుసు అనుకున్నాను, చేసినవాడు తింటాడు, పోయినవాళ్లు బయట మంచులో ఉంటారు, శిక్షా లేదు, ఏడుపూ లేదు, ఉన్నది ఉన్నట్టు గీశారు.

తర్వాత టీవీ కింద అదే జుట్టు బొమ్మతో వీడియో క్యాసెట్ కనపడింది, కరెంటు ఉన్నప్పుడు పెట్టాను, అందులో బొమ్మలు కదులుతాయి, మంచు తెల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది, నాకు భయం వేసింది, ట్యాంకుని చూసి వెయ్యని భయం, బొమ్మలకి కాదు, ఊపిరికి, ఆ ఆడమనిషి వాడి చెవి పక్కన పీల్చే ఊపిరి, లోపల ఏదో చిరిగినట్టు, ఆగి, మళ్లీ, నేను కళ్లు మూసుకుంటే జపాను లేదు, మా వసారా ఉంది, టేప్‌రికార్డర్ ఉంది, ఏవండీ అని ఆగి, పీల్చి, జలుబే బావా, లేచి గొంతు తగ్గించాను, గొంతు లేకుండా చూస్తే అసలు కథే తలకిందులుగా ఉంది, ముందే వాడు తింటున్నాడు, ముందే తలుపు, ఆమె బయట గడ్డకట్టి చచ్చిపోతుంది, తర్వాత వచ్చి వాడి వీపు ఎక్కుతుంది, ఎవరికీ కనపడదు, రోజురోజుకీ బరువెక్కుతుంది, సంతలో జనం వాడి గూను చూసి నవ్వుతారు, పడుకోలేడు, కూర్చునే నిద్రపోతాడు, చివరికి మంచులో నలిగి చస్తాడు, అప్పుడు ఆమె చిరునవ్వు నవ్వి, జుట్టంతా పూలరేకులై గాలిలో లేచిపోతుంది, సూర్యోదయం, పిల్లనగ్రోవి, నేను టీవీ కట్టేశాను, సినిమా వాళ్లు ఎక్కడైనా సినిమా వాళ్లే, పుస్తకంలో లేని న్యాయం తెచ్చి అతికించారు, జనం టిక్కెట్టు కొనాలిగా, ఉన్న కథని తిరగేసి, పూలు చల్లి, బాగుచేసి పాడుచేశారు అని తిట్టుకున్నాను.

ఆ మాటే పొద్దున్న ఖాసింతో అన్నాను, చినబాబు సంగతి మళ్లీ ఎత్తకుండా ఏదో ఒకటి మాట్లాడాలని, ఖాసిం పుస్తకం చేతిలోకి తీసుకుని, తీసుకున్నవాడు వెనక అట్ట తెరిచాడు, అది వెనక భాయ్, ఇది ముందప్పా, కాదు, ఔను, నువ్వు యాడ నుంచి తెరిచినావు, ఎడమ నుంచి, యా అల్లా, సత్తెన్నా, ఇది మా ఉర్దూ కితాబు మాదిరి, కుడి పక్క నుంచి పోవల్ల, చూడు, అంకెలు చూడు, ఈ మూల చిన్నగా ఏసినారు, పది ఈడుంది, నూరు ఆడుంది, నువ్వు చచ్చినోణ్ణి లేపి అన్నం పెట్టినావు గదన్నా అని తొడ మీద కొట్టుకుని నవ్వాడు, ఇన్నేండ్ల నుంచి అరబ్బు పేపరు పరుచుకొని దాని మీద అన్నం తింటాండావు, ఏ పక్క నుంచి తెరుస్తారో చూళ్లేదా, చూడలేదు, నేను చదివింది మా ఊరి పాకబడిలో, ఎడమ నుంచే పలక మీద గీత గీసి దిద్దించారు, పుస్తకం అంటే అటు నుంచే, అరబ్బు పేపరు పుస్తకం కాదు, అది విస్తరి, నాకు నవ్వు రాలేదు, ఖాసిం కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు కుడి నుంచి తెరిచాను, హారన్ వచ్చేదాకా పని లేదు, మనసు షుఐబా పోతుంది, పోకుండా దీంట్లో పెడుతున్నాను, నిప్పు, గిన్నె, తలుపు, ఆమె గుప్పిలి, సరే, సినిమా చెప్పిందే నిజం, చేసినవాడు తిని ఊరుకోలేదు, నేను ఇన్నాళ్లూ తప్పు చదివాను, అయితే మంచిదే, మోయనీ, నలగనీ, మద్దిలేటి పోసే నీళ్లు గొంతు దిగకపోనీ, పేజీ తిప్పుతున్నాను, వాడి మోకాళ్లు వంగాయి, తిప్పుతున్నాను, చేతులు మంచులో దిగాయి, ఇంకో పేజీ, పడ్డాడు, చచ్చాడు, ఇప్పుడు ఈ గడ్డం పట్టుకునే బొమ్మ, ఇంతకుముందు ఆమె వాణ్ణి లేపుతోంది అనుకున్నాను, ఇటు నుంచి వస్తే అది లేపడం కాదు, ఆమె వాడి తల ఎత్తి చూస్తోంది, కళ్లు తెరుస్తాడా అని, తెరవడు, భుజం పట్టి ఊపుతోంది, రెండు చేతులా ఊపుతోంది, ఆమె నోరు తెరిచి ఉంది, అరుస్తోంది, పక్కన పెద్ద పెద్ద అక్షరాలు, చదవలేను, చదవక్కర్లేదు, లే అంటోంది, లేచి మొయ్యి అంటోంది, ఆఖరి పేజీలో చిరునవ్వు లేదు, పూలు లేవు, సూర్యుడు లేడు, ఆమె నిలబడి ఉంది, చుట్టూ కాగితమంతా తెల్లగా వదిలేశారు, ఆ ముఖం సంతలో చెయ్యి వదిలేసిన పిల్ల ముఖంలా ఉంది, సినిమా వాళ్లు దాచింది ఈ ముఖాన్నే, వాడున్నంతకాలం ఆమెకి ఎక్కడానికి ఒక వీపు ఉంది, ఇప్పుడు ఎటు పోవాలో తెలీదు, ఎవరి మీద కోపం పడాలో తెలీదు, కోపం మాత్రం ఉంది.

పుస్తకం మూసేశాను, ఫ్యాను తిరుగుతోంది, మెడ మీద చెమట, చినబాబు ఇవాళో రేపో పోతాడు, వాసిన కాలు, జ్వరం, ఈ ఎండ, మద్దిలేటి ఎన్నాళ్లుంటాడు, వాడూ మనిషే, దారి దొరికితే పోతాడు, అప్పుడు వీడు ఆ గదిలో ఒక్కడే, గోడకేసి తిరిగి, పోతాడు, పోతే నాకేమిటి, పోతే ఏమవుతుందో చూద్దాం, చివరిదాకా చూద్దాం, ఎవరో క్యాంపు వాడు ఊళ్లో చెప్తాడు, మా అత్త గుండెలు బాదుకుంటుంది, పెట్టెలోంచి వాడి పాస్‌పోర్టు ఫొటో తీసి అమలాపురం పంపి పెద్దది చేయిస్తుంది, గోడ మీద బేబి ఫొటో ఉంది, దాని పక్కన మేకు కొడతారు, అదే సైజు, అదే బంగారు రంగు ఫ్రేము, రెండు ఫొటోలకీ కలిపి ఒకటే పూలదండ, ఒకటే దీపం, పాపం అక్కా తమ్ముడూ అంటారు, వచ్చినవాళ్లంతా పాపం అంటారు, పాపం ఆ పిల్లాడు దేశం కాని దేశంలో యుద్ధంలో పోయాడు అంటారు, నాగేశ్వరి కూడా నోరు మూసుకుంటుంది, పోయినవాళ్ల మీద చెప్పకూడదండీ అంటుంది, నేను ఆ గోడ ముందు నిలబడి బేబికి దండం పెడితే ఆ దండం వాడికీ చెందుతుంది, నేను ఒక్క మాట అంటే ఊళ్లో నేనే పాపిష్ఠివాణ్ణి, వాడు చచ్చిన మరుక్షణం నిర్దోషి అయిపోతాడు, ఎవరూ క్షమించకుండానే, నేను క్షమించకుండానే, ఊరికే అయిపోతాడు.

అవనివ్వను.

హారన్ కొడుతున్నాడు, ఖాసిం హారన్ పొట్టిది, రెండుసార్లు, ట్యాంకు మీది సిపాయి తల తిప్పి చూశాడు, బాల్కనీలోకి వచ్చాను, బస్సు కిటికీల్లో ఆడవాళ్లు, మూటలు, ఒక పిల్లాడి కాలు, ఖాసిం తల బయటపెట్టి యేమప్పా అన్నాడు, షుఐబాకి తిప్పు అన్నాను, యేంది, షుఐబాకి తిప్పు ఖాసిం భాయ్, వస్తున్నాను, దుప్పటి ఎవరి దగ్గరైనా ఉంటే అడుగు, వాణ్ణి వీపుకి కట్టుకోవాలి, అల్హమ్దులిల్లా, మనసు కరిగిందా సత్తెన్నా, కరగలేదు, నువ్వు నడుపు చాలు, జపానాయన తాళం ఎవరికి ఇవ్వాలి, లోపలే పెట్టి తలుపు లాగేశాను, సంచీ భుజానికి వేసుకున్నాను, మెట్లు దిగుతున్నాను, నేను రోజూ కడిగిన మెట్లు, సైన్యం వచ్చాక కడగక దుమ్ము పట్టాయి, షుఐబాలో రెండంతస్తులు, వాడు నాకన్నా బరువు, ఎముక విరిగినచోట చెయ్యి తగిలితే అరుస్తాడు, అరవనీ, బావా అంటాడు, అననీ, నేను పలకను, బస్రా దాకా పలకను, బాగ్దాద్ దాకా పలకను, ఎడారిలో నా సీసా వాడి నోటికి పెడతాను, పలకను, మందు దొరికితే మింగిస్తాను, ముఖం చూడను, విమానం ఎక్కిస్తాను, ఊరికి తీసుకెళ్లి, గోడకి తగిలించడానికి కాదు, వాళ్లమ్మ ముందు కుర్చీలో కూర్చోబెడతాను, ఆ నెల ఏం జరిగిందో వాడి నోటితో వాడే చెప్పాలి, అక్క ఎలా దగ్గిందో, ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో, చెప్పాక మా అత్త క్షమిస్తుందో లేదో ఆవిడ ఇష్టం, కన్నది ఆవిడ, నేను మాత్రం క్షమించను, వాడు కుంటుతూ నా ఎదురుగా ముసలివాడయ్యేదాకా క్షమించను, అలా క్షమించకుండా ఉండాలంటే ముందు వాడు బతికి ఉండాలి.